జీతం ఎంత అన్నది సగం ప్రశ్నే: క్షేత్రస్థాయి ప్రభుత్వ సిబ్బందికి ఏ వేతన పద్ధతి నప్పుతుంది?

విజయవాడ అలంకార్ సెంటర్ దగ్గరి ధర్నా చౌక్‌లో ఏడాది పొడవునా ఏదో ఒక శాఖకు చెందిన కింది స్థాయి సిబ్బంది శిబిరం కనిపిస్తూనే ఉంటుంది. అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు, పారిశుద్ధ్య కార్మికులు, సచివాలయ ఉద్యోగులు వంతులవారీగా అక్కడికి వచ్చినవారే. వారి వినతిపత్రాలన్నిటిలోనూ మొదటి వరుసలో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ముఖ్యమైనదే, కాదనడానికి లేదు. అయితే ఆ సొమ్ము ఏ రూపంలో, ఏ తేదీకి, ఏ షరతు మీద చేతికి వస్తుందన్న ప్రశ్న మాత్రం చర్చల్లో అందరూ అలసిపోయిన తర్వాత గానీ రాదు. మర్నాడు పొద్దున మనిషి పనిలోకి ఏ మనసుతో దిగుతాడన్నది చాలా వరకు ఆ ప్రశ్నకు దొరికే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

సంఘాల తరఫున చర్చల్లో కూర్చునేవారికి, నగరపాలక సంస్థల్లోనూ వైద్యారోగ్య శాఖలోనూ ప్రతిపాదనలు తయారుచేసే అధికారులకు, క్షేత్ర కార్యకర్తలను నియమించుకునే చిన్న స్వచ్ఛంద సంస్థలకు ఈ పోలిక పనికివస్తుందని భావిస్తున్నాను. మన ముందున్న పద్ధతులు స్థూలంగా ఇవి: ఇంక్రిమెంట్లతో కూడిన స్కేలు జీతం, ఎదుగుదల లేని గౌరవ వేతనం, పనికింత చొప్పున చెల్లింపు, స్థిర వేతనానికి తోడు ఫలితాన్ని బట్టి అదనం, వీటికి పక్కగా పురస్కారాలు, పదోన్నతులు, కోరుకున్న చోటికి బదిలీ. ఏ ఒక్కటీ అన్ని పనులకూ సరిపోదు. ఒక పనికి మేలు చేసిన పద్ధతే పక్క పనిలో కీడు చేసిన ఉదాహరణలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి.

ముందుగా తేదీ సంగతి

పద్ధతులను పోల్చే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. నెల జీతం ఫలానా తేదీకి ఖాయంగా పడుతుందన్న నమ్మకం లేనిచోట ఏ ప్రోత్సాహకమూ పనిచేయదు. కష్టపడి పనిచేసినా రెండు నెలలు ఆలస్యంగా, పనిచేయకపోయినా రెండు నెలలు ఆలస్యంగా జీతం వచ్చేటప్పుడు ఆ రెండింటికీ తేడా చూపమంటే ఎవరూ చూపలేరు. ఆలస్యమైన నెలల్లో కార్మికుడు ఇంటి అద్దెకూ పిల్లల ఫీజుకూ డైలీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్తాడు. తర్వాత వచ్చే అదనపు సొమ్ములో పెద్ద భాగం వడ్డీకే పోతుంది కనుక, కాగితం మీద పెరిగిన జీతం ఇంట్లో పెరగదు.

ఒకప్పుడు ఏజెన్సీల ద్వారా పనిచేసిన పొరుగుసేవల సిబ్బందిలో జీతం మొత్తం మీద కంటే కోతల మీద, పీఎఫ్ ఖాతాలో జమకాని వాటాల మీద కోపం ఎక్కువగా ఉండేది. మధ్యవర్తులను తొలగించి నెల మొదటి తేదీకే జీతం ఇవ్వాలన్న లక్ష్యంతో రాష్ట్ర ప్రభుత్వం 2020 జులైలో ఆప్కాస్ అనే కార్పొరేషన్‌ను ప్రారంభించింది. ఉద్యోగ భద్రత విషయంలో ఆప్కాస్ మీద ఎన్ని విమర్శలున్నా, తేదీని ఒక హక్కుగా గుర్తించడం సరైన దారి అని నా అభిప్రాయం. అలాగే జీతంలో ఏ భాగం మూల వేతనం, ఏ భాగం భత్యం అన్నది కూడా ముందే చూసుకోవాలి. పారిశుద్ధ్య కార్మికులకు 15 వేల వేతనానికి 6 వేల ఆరోగ్య భత్యం కలిపి 21 వేలు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది 2022 జులై సమ్మె తర్వాతే. చేతికి వచ్చేది ఒకే మొత్తమైనా, భత్యంగా వచ్చే సొమ్మును ఎప్పుడైనా ఆపవచ్చన్న అనుమానం కార్మికుడిని వదలదు. మూల వేతనంలో చేరిన సొమ్ము గురించి అతనికి ఆ బెంగ ఉండదు.

స్కేలు జీతం: మనిషిని నిలుపుతుంది, రోజువారీ పనిని కదిలించదు

పర్మినెంటు ఉద్యోగి పనిచేయడన్న మాట మన ఊళ్ళల్లో టీ కొట్టు దగ్గర తరచు వినిపిస్తుంది. ఆ మాటలో సగం కూడా నిజం లేదు. స్కేలు జీతం రెండు మేళ్ళు చేస్తుంది. మొదటిది, మెరుగైన అభ్యర్థులను రప్పిస్తుంది. మెక్సికోలో 2011లో జరిగిన ఒక ప్రభుత్వ నియామకంలో కొన్ని కేంద్రాల్లో నెలకు 3,750 పెసోలు, మరికొన్నిటిలో 5,000 పెసోలు ఇస్తామని ప్రకటించి చూశారు. ఎక్కువ జీతం ప్రకటించిన చోట మరింత సమర్థులు దరఖాస్తు చేశారు, వారిలో సేవాభావం తగ్గిన జాడ కూడా కనిపించలేదు. రెండోది, ఉన్నవారిని నిలుపుతుంది. పదేళ్ళు ఒకే పీహెచ్‌సీ పరిధిలో పనిచేసిన ఏఎన్ఎంకు ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ ఇంట్లో టీకా అంటే భయపడే అత్తగారు ఉందో తెలుస్తుంది. ఆ తెలివిడిని ఏ యాప్‌లోనూ ఎక్కించలేము.

అయితే స్కేలు పెంచినంత మాత్రాన ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవారి పని మారుతుందని ఆశించకూడదు. ఇండోనేషియాలో ఉపాధ్యాయ చట్టం వచ్చాక ధ్రువీకరణ పొందిన ఉపాధ్యాయులకు మూల వేతనంతో సమానమైన భత్యం ఇచ్చారు, అంటే జీతం రెట్టింపయింది. వారి సంతృప్తి పెరిగింది, ఆర్థిక ఒత్తిడి తగ్గింది, రెండో పని చూసుకోవడం తగ్గింది. కానీ రెండు మూడేళ్ళ తర్వాత కొలిచి చూస్తే పిల్లల చదువులో తేడా ఏమీ రాలేదు. దీన్ని జీతాలు పెంచవద్దనడానికి వాదనగా వాడేవారున్నారు, అది అన్యాయం. గౌరవంగా బతకడానికి చాలినంత జీతం ఇవ్వడం ఒక బాధ్యత. అది పని ఫలితానికి సాధనం కాకపోయినంత మాత్రాన బాధ్యత తీరిపోదు.

స్కేలు విషయంలో మరో సంగతి మన అనుభవంలోనే ఉంది. 2019 జులై నుంచి రాష్ట్ర ఉద్యోగులకు 27 శాతం మధ్యంతర భృతి అందింది. 2022 జనవరిలో పదకొండో పీఆర్సీ (వేతన సవరణ సంఘం) కింద 23 శాతం ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంపు, ప్రకటించారు, ఇంటి అద్దె భత్యం శ్లాబులను కూడా మార్చారు. ఆ ఏడాది ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ పిలుపు మీద బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. పాత జీతంతో పోలిస్తే మొత్తం పెరిగిందన్న లెక్కలు ప్రభుత్వం చూపింది. ఉద్యోగులు చూసుకున్నది మాత్రం కిందటి నెల చేతికి వచ్చిన సొమ్మును. ఇచ్చి వెనక్కి తీసుకున్న నాలుగు రూపాయలు, అసలు ఇవ్వని పది రూపాయల కంటే ఎక్కువగా నొప్పిస్తాయి. వేతన పద్ధతిని రూపొందించేవారు దీన్ని మొదటి పాఠంగా రాసుకోవాలి, ఎందుకంటే ప్రయోగంగా మొదలుపెట్టి తర్వాత ఎత్తివేసే ప్రతి ప్రోత్సాహకానికీ ఈ ప్రమాదం పొంచి ఉంటుంది.

గౌరవ వేతనం: రెంటికీ చెడ్డ ఏర్పాటు

అంగన్‌వాడీ కార్యకర్తకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు ఇస్తున్న దశలో, 2023 డిసెంబరు 12న మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఉద్యోగులు కానివారిగా లెక్కించే మనుషుల మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించవలసి రావడమే ఈ పద్ధతిలోని చిక్కును బయటపెడుతుంది. గౌరవ వేతనంలో స్కేలు ఇచ్చే భరోసా ఉండదు, పనికింత చొప్పున ఇచ్చేటప్పుడు ఉండే స్పష్టతా ఉండదు. పాతికేళ్ళ అనుభవం ఉన్న కార్యకర్తకూ నిన్న చేరినవారికీ దాదాపు ఒకే మొత్తం వస్తుంటే, అనుభవానికి విలువ లేదని శాఖే చెప్పినట్టవుతుంది. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. అంటే న్యాయస్థానం దృష్టిలో కూడా ఇది పార్ట్ టైం సేవ కాదు.

గౌరవ వేతనం తాత్కాలికమైన, రోజుకు ఒకటి రెండు గంటలకు మించని పనులకే తగినది. ఒక సర్వేకు, ఒక టీకా వారానికి, ఒక ఎన్నికల విధికి ఇవ్వవచ్చు. రోజంతా కేంద్రం తెరిచి ఉంచవలసిన మనిషికి దీన్ని ఎంచుకోవద్దన్నదే నా సలహా, ఇందులో పెద్దగా చర్చించడానికి కూడా ఏమీ లేదు.

పనికింత చొప్పున: ఆశాల అనుభవం

ఈ పద్ధతిని అర్థం చేసుకోవడానికి 2005లో మొదలైన ఆశా వ్యవస్థకు మించిన ఉదాహరణ లేదు. జననీ సురక్షా యోజన కింద గ్రామీణ ప్రాంతంలో ఒక కాన్పుకు ఆశా కార్యకర్తకు 600 రూపాయలు. అందులో సగం గర్భిణికి జరిగే పరీక్షలకు, సగం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు జరిగేలా చూసినందుకు. పట్టణాల్లో ఈ మొత్తం 400. పుట్టిన బిడ్డను 42 రోజుల్లో నిర్ణీత సార్లు ఇంటికి వెళ్ళి చూస్తే 250, మొదటి ఏడాది టీకాలన్నీ పూర్తయితే 100. ఇలా పట్టిక పొడవుగా సాగుతుంది.

పెదకాకాని మండలంలోని ఒక గ్రామంలో ఆశా కార్యకర్త ఒక గర్భిణి వెంట ఎనిమిది నెలలు తిరిగిందనుకుందాం. రక్తం తక్కువగా ఉందని మాత్రలు మింగించింది, స్కానింగుకు వెంట వెళ్ళింది, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు కుటుంబాన్ని ఒప్పించింది. నొప్పులు మొదలైన రాత్రి బావగారు కారు తెచ్చి, గుంటూరు కొత్తపేటలోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాడు. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నారు, ఆశా చేసిన పని వృథా పోలేదు, అయినా కాన్పు తాలూకు సగం సొమ్ము రాదు. ఆ నిర్ణయం ఆమె చేతిలో లేదు. మరోవైపు, మద్యానికి బానిసైన భర్త కొడుతున్నాడని చెప్పుకోవడానికి వచ్చిన మహిళతో గంటసేపు కూర్చుంటే పట్టికలో దానికి వరుసే ఉండదు. బెంగ్ట్ హోల్మ్‌స్ట్రోమ్, పాల్ మిల్‌గ్రమ్ అనే ఆర్థికవేత్తలు 1991లో ఈ చిక్కునే సూత్రీకరించారు: ఒకే మనిషి చేయవలసిన పనుల్లో కొన్నిటిని మాత్రమే కొలిచి డబ్బు ఇస్తే, కొలవని పనులు వెనకబడతాయి, కాబట్టి అలాంటిచోట స్థిర వేతనమే మేలు కావచ్చు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఆశాల నెలసరి మొత్తాన్ని 10 వేల రూపాయలుగా ఖరారు చేసింది. 2025లో 180 రోజుల ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ, 62 ఏళ్ళ వరకు కొనసాగింపు ప్రకటించారు. పట్టిక మీద బతకవలసిన అనిశ్చితి నుంచి ఇది పెద్ద ఊరట. అయితే ఈ మార్పుతో పై అధికారి ప్రవర్తన కూడా మారుతుందన్న సంగతిని చాలామంది గమనించరు. ప్రతి పనికీ ధర ఉన్నంతకాలం కొత్త పని అప్పగిస్తే శాఖకు ఖర్చు. నెల మొత్తం ఖరారయ్యాక అదనపు సర్వే, అదనపు యాప్, అదనపు సమావేశం శాఖకు ఉచితం. అందువల్ల పనికింత చొప్పున పద్ధతి నుంచి స్థిర వేతనానికి మారాలని అడిగే సంఘం, ఏయే పనులు తమ విధుల్లో ఉంటాయో, వాటికి మించినదానికి ఎంత చెల్లిస్తారో అదే ఒప్పందంలో రాయించుకోవాలి. అది రాయించుకోకపోతే జీతం స్థిరంగా ఉండి పని మాత్రం పెరుగుతూ పోతుంది.

ఫలితాన్ని బట్టి అదనం: మన రాష్ట్రం నేర్పిన పాఠం

ఫలితంతో ముడిపడిన బోనస్ మీద ప్రపంచమంతా ప్రస్తావించే ప్రయోగాల్లో ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2005లో మొదలుపెట్టి, గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వందింటిలో ఒక్కో ఉపాధ్యాయుడి పిల్లల ఫలితాన్ని బట్టి, మరో వందింటిలో పాఠశాల మొత్తం ఫలితాన్ని బట్టి బోనస్ ఇచ్చి, బోనస్ లేని వందింటితో పోల్చారు. సగటు మార్కుల పెరుగుదలలో 5 శాతం దాటిన ప్రతి అదనపు శాతానికి 500 రూపాయలు. సగటున ఆ బోనస్ ఏడాది జీతంలో దాదాపు 3 శాతమే. రెండేళ్ళ తర్వాత బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం మేర ముందున్నారు. గణితం సంగతే చెప్పుకుంటే, వందమందిలో యాభయ్యో స్థానంలో ఉన్న పిల్లవాడు దాదాపు నలభయ్యో స్థానానికి ఎగబాకినట్టు లెక్క. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లోనూ మెరుగుదల కనిపించింది.

ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వేరు. ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజుల్లో చేసే పని మారింది: ఇంటిపని, అదనపు తరగతులు, సాధన పరీక్షలు పెరిగాయి. వ్యక్తిగత బోనసు, ఉమ్మడి బోనసు మొదటి ఏడాది ఒకేలా పనిచేసినా, రెండో ఏడాది నుంచి వ్యక్తిగతమే ముందుకు సాగింది. ఐదేళ్ళూ వ్యక్తిగత బోనస్ బడుల్లోనే చదివిన పిల్లలు గణితంలో 0.54, భాషలో 0.35 మేర ముందున్నారు. కొద్దిపాటి సొమ్ముతో ఇంత ఫలితం రావడానికి రెండు షరతులు కుదిరాయి. పరీక్ష పెట్టినవారు బడితో సంబంధం లేని బయటివారు. చదువు చెప్పే మనిషి చేతిలో ఫలితం చాలా వరకు ఉంది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఈ పద్ధతిని ఎంచుకోవద్దు.

షరతులు కుదరకపోతే ఏమవుతుందో పాకిస్తాన్‌లోని పంజాబ్ చూపింది. అక్కడ ఆస్తి పన్ను సిబ్బందికి వసూలులో వాటా ఇస్తే పన్ను రాబడి వృద్ధి గణనీయంగా పెరిగింది. అయితే ఎక్కువమంది యజమానుల పన్ను అలాగే ఉండి, అడిగే లంచం మాత్రం పెరిగింది. నీ ఇంటి విలువ తిరగరాస్తే నాకు వాటా వస్తుంది, రాయకుండా ఉండాలంటే ఆ మేరకు ఇవ్వమని అడిగే బలం వసూలు చేసేవాడికి వచ్చింది. మన దగ్గర బిల్ కలెక్టర్లకు వసూలు శాతంలో వాటా ఇవ్వాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే, ముందు ఈ అనుభవాన్ని వారి ముందు పెట్టాలి. పౌరుడి మీద అధికారం చెలాయించగల ఉద్యోగికీ, పౌరుడికి సేవ మాత్రమే చేయగల ఉద్యోగికీ బోనస్ ఒకేలా పనిచేయదు.

గ్రామ ఆరోగ్య కేంద్రాల్లోని ఎంఎల్‌హెచ్‌పీల (మధ్యస్థాయి ఆరోగ్య సేవకుల) విషయంలో జాతీయ నమూనా 25 వేల స్థిర వేతనం, గరిష్ఠంగా 15 వేల ప్రోత్సాహకం. మొత్తంలో మూడో వంతుకు పైగా షరతు మీద నిలబడటం నా దృష్టిలో ఎక్కువ. పైగా ఆ షరతులను నెరవేర్చారో లేదో తేల్చేది సిబ్బంది తామే నింపే యాప్ లెక్కలైనప్పుడు, రోగి కంటే ఫోన్ తెర వైపు చూపు ఎక్కువగా పోతుంది.

హాజరుకు డబ్బు ముడిపెట్టడం గురించి క్లుప్తంగా చెప్పవలసింది ఉంది. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఏకోపాధ్యాయ కేంద్రాల్లో, తేదీ పడే కెమెరాతో ఫోటో తీసి, నెలకు 20 రోజులకు 1,000 రూపాయలు, ఆపై రోజుకు 50 అదనం, తగ్గిన రోజుకు 50 కోత, ఎంత తగ్గినా 500 భద్రం అన్న నియమం పెడితే గైర్హాజరు సగానికి పడిపోయింది. అదే జిల్లాలో ప్రభుత్వ నర్సుల మీద ఇలాంటి ఏర్పాటే చేస్తే మొదటి నెలల్లో పనిచేసి, ఏడాదిన్నర తిరక్కుండానే నీరుగారిపోయింది, ఎందుకంటే ఆరోగ్య శాఖే ‘మినహాయింపు రోజులు’ ఇస్తూ పోయింది. ముఖ హాజరు యంత్రాల మీద డబ్బు పోసే ముందు, కోత వేయవలసిన రోజున పై అధికారి నిజంగా వేస్తాడా అని అడగాలి.

డబ్బుతో సంబంధం లేనివి, తక్కువ ఖర్చుతో అయ్యేవి

జాంబియా రాజధాని లుసాకాలో ఆరోగ్య ఉత్పత్తులు అమ్మే క్షౌరశాలల వారికి ఒక గుంపుకు కమీషన్, మరో గుంపుకు అందరికీ కనిపించేలా గోడ మీద అంటించే నక్షత్రాలు ఇస్తే, నక్షత్రాల గుంపు మిగతావారికి రెట్టింపు అమ్మింది. గుర్తింపు పనిచేస్తుంది, అది నలుగురికీ కనిపించి, అందరికీ దక్కనిదైతే. మన వలంటీర్ల వ్యవస్థలో 2021లో విజయవాడ దగ్గర పోరంకిలో మొదలైన సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర పురస్కారాల్లో, మొదటి మెట్టు ఏడాది సేవ పూర్తిచేసిన దాదాపు అందరికీ అందింది. నెలకు 5,000 గౌరవ వేతనం మీద పనిచేసినవారికి ఆ మెట్టు కింద వచ్చిన 10 వేలు పండగ బోనస్‌గా ఉపయోగపడి ఉంటాయి. పురస్కారంగా మాత్రం వాటి బరువు తగ్గిపోయింది.

పదోన్నతికి, బదిలీకి ఉన్న శక్తిని మన శాఖలు గుర్తించినట్టు లేదు. పాకిస్తాన్ పంజాబ్‌లోనే 525 మంది పన్ను ఇన్‌స్పెక్టర్లతో జరిగిన మరో ప్రయోగంలో, పనితీరు వరుసను బట్టి తమకు కావలసిన చోటును ముందుగా కోరుకునే హక్కు ఇచ్చారు. ఖజానా మీద పైసా భారం పడకుండా పన్ను రాబడి వృద్ధి రేటు 30 నుంచి 41 శాతం పెరిగింది. మన దగ్గర బదిలీల సీజన్‌లో ఎమ్మెల్యే సిఫారసు లేఖల కోసం తిరిగే తిరుగుడు చూసినవారికి, ఆ హక్కు విలువ ఎంతో విడిగా చెప్పనక్కరలేదు. పిల్లల కాలేజీ గుంటూరులో, ఉద్యోగం మాచర్లలో ఉన్న మనిషికి మూడు శాతం బోనస్ కంటే పట్టాభిపురం సచివాలయం పెద్ద బహుమతి. పదోన్నతి సంగతీ అంతే. ఆయా నుంచి కార్యకర్త, కార్యకర్త నుంచి సూపర్‌వైజర్. పారిశుద్ధ్య కార్మికుడి నుంచి మేస్త్రీ. అర్హత ఉంటే ఆశా నుంచి ఏఎన్ఎం. ఈ మెట్లలో ఏటా కొన్ని పోస్టులైనా కచ్చితంగా నింపితే, కింది మెట్టు మీద ఉన్న వందమంది పని తీరు మీద దాని ప్రభావం ఉంటుంది.

ఎవరికి ఏది

పారిశుద్ధ్య కార్మికులకు వ్యక్తిగత ఫలిత బోనస్ వద్దని నిస్సంకోచంగా చెబుతాను. విజయవాడ కొండ ప్రాంతాల్లో కార్మికురాలు మెట్ల మీదుగా చెత్తను చేత్తో కిందికి దింపాలి. బెంజి సర్కిల్ వైపు చదును రోడ్ల మీద బండే ఇంటి ముందుకు వస్తుంది. టన్నుల్లో కొలిస్తే మెట్లెక్కిన మనిషి ఎప్పటికీ వెనకబడే ఉంటుంది. ఇక 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, ఇతర పట్టణాల నుంచి కూడా కార్మికులను రప్పించి ఇళ్ళల్లోని బురద ఎత్తించవలసి వచ్చింది. అలాంటి పనిని ముందే ఊహించి లక్ష్యాల పట్టికలో రాయగలిగేవారు లేరు. వీరికి తేదీ తప్పని స్థిర వేతనం, మూల వేతనంలో కలిసిపోయిన ప్రమాద భత్యం, సర్వీసును బట్టి పెరుగుదల, పైన మేస్త్రీ పోస్టు. విపత్తు రోజులకు ముందే ఖరారు చేసిన రోజువారీ రేటు విడిగా ఉండాలి.

ఆశాలకు, అంగన్‌వాడీలకు స్థిర వేతనమే పునాది. దాని మీద మొత్తంలో పదో వంతుకు మించకుండా, పూర్తిగా వారి చేతిలో ఉండే మూడు నాలుగు పనులకు మాత్రమే అదనం పెట్టవచ్చు. పుట్టిన బిడ్డను ఇంటికి వెళ్ళి చూడటం అలాంటిది, కాన్పు ఏ ఆసుపత్రిలో జరిగిందన్నది అలాంటిది కాదు.

బిల్ కలెక్టర్లకు, తనిఖీ అధికారులకు వాటా బదులు కోరుకున్న వార్డు లేదా మండలం. ఉపాధ్యాయులకు, బయటి సంస్థ పరీక్షలు పెట్టగలిగితే, చిన్న వ్యక్తిగత బోనస్. బడి మరీ చిన్నదై ఇద్దరే ఉపాధ్యాయులు ఉన్నచోట ఉమ్మడి బోనసైనా ఇబ్బంది లేదు.

ఆర్టీసీ డ్రైవర్ల విషయం కొంచెం వేరు. 2020 జనవరి 1న వారు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు కాబట్టి పునాది గట్టిదే. డీజిల్ పొదుపును కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) లెక్కన కొలవడం సంస్థకు కొత్త కాదు, కొలత కూడా స్పష్టమైనది. అయితే పాత బండితో వన్‌టౌన్ సందుల్లో తిరిగే డ్రైవర్‌నూ, కొత్త బండితో హైవే మీద గుంటూరు వెళ్ళే డ్రైవర్‌నూ ఒకే పట్టికలో పెట్టకూడదు. అదే రూటులో అదే రకం బండికి కిందటి ఏడాది వచ్చిన సగటుతోనే పోల్చాలి.

ఏ పద్ధతినైనా నగరమంతా ఒకేసారి మొదలుపెట్టవద్దు. కొన్ని వార్డులను లాటరీ ద్వారా ఎంచుకుని, మిగతావాటిని పాత పద్ధతిలోనే ఉంచి, కనీసం ఒక ఏడాది నడిపి చూడాలి. ఎంపిక అధికారుల ఇష్టానికి వదిలేస్తే ముందే బాగా పనిచేస్తున్న వార్డులే జాబితాలోకి వస్తాయి, అప్పుడు తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేము. ప్రయోగం ఏ నెలతో ముగుస్తుందో మొదటి రోజే సిబ్బందికి రాతపూర్వకంగా తెలియజేయాలి, పీఆర్సీ నాటి కోపం ఇక్కడా తలెత్తకూడదంటే ఇది తప్పదు. ఫలితాన్ని ఎవరు కొలుస్తారో, ఆ కొలత మీద అభ్యంతరం ఎవరికి చెప్పుకోవాలో, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో జీవోలోనే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బడ్జెట్ విడుదల కాని నెలల్లో అప్పటికే సంపాదించుకున్న అదనం రద్దవుతుందా, బకాయిగా నిలుస్తుందా అన్నది స్పష్టంగా రాయించుకోవాలి. బకాయిగా నిలుస్తుందని రాయడానికి ఆర్థిక శాఖ ఒప్పుకోకపోతే, ఆ ప్రోత్సాహకాన్ని వదులుకుని ఆ సొమ్మును మూల వేతనంలో కలపమని అడగడమే తెలివైన పని.